పాట పిండు

“ఖాళీగానే ఉన్నావుగా మంజూ, ఇవి కాస్త ఎక్కించెయ్,” అంటూ కాశీవిశ్వనాథం పెన్‌డ్రైవ్ తెచ్చి దొండకాయల పళ్ళెంలో పడేశాడు.

మంజులత ఖాళీగా ఉంటే ఎలా ఉంటుందో తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. అప్పుడామె చేతిలో చాకుంది. ఒక పొయ్యి మీద పాలు, ఇంకో పొయ్యి మీద కుక్కరు, పక్కన గిన్నెలో అత్తగారి మోకాళ్ళకు రాయాల్సిన నూనె. చెవికీ భుజానికీ మధ్య ఇరికించిన ఫోన్లో ఎర్రగడ్డ పూలకొట్టాయన, తన వెబ్‌సైట్లో మల్లెదండ తలకిందులుగా కనబడుతోందని మొత్తుకుంటున్నాడు. దండకు తల ఏదో తోక ఏదో ఆయనకే తెలియాలి. బ్రహ్మదేవుడు రావణాసురుడికి ఇరవై చేతులిచ్చి, వాటితో ఏం చేయించాలో తోచక యుద్ధానికి పంపాడు గానీ, ఫిల్మ్‌నగర్‌లో ఒక వంటగది అప్పగించి ఉంటే లంక ఇప్పటికీ నిలిచి ఉండేది. రావణుడికి పోట్లాడే తీరికే దొరికేది కాదు.

“శుక్రవారంలోపు ఇవ్వాలన్నారు ఆనందకుమార్ గారు. నువ్వు చేసిన పేజీయే కదా, నీకెంతసేపు?” అన్నాడు కాశీవిశ్వనాథం, పాలు పొంగుతున్న సంగతి చూసి కూడా పక్కకు జరిగి. “ఆ బోరబండ సినిమా స్క్రిప్టు ముఖ్యం. రచయిత అన్నచోట నా పేరు ఇంటిపేరుతో సహా కొట్టు. దాఖలు చేసినవారు అని ఒక గడి పెట్టావుగా, అందులో నీ పేరు వేసుకో. వందేళ్ళు ఉంటుందట. నీకూ గుర్తింపేగా.” గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ తిరిగాడు. “అన్నట్టు, ఫైలు ఎవరి కంప్యూటర్లో పుట్టిందో కూడా చూపిస్తుందంటగా అది? తీసెయ్. యూనివర్సిటీ అమ్మాయి నా మాండలికం మీద పరిశోధన చేస్తోంది. పాపం, అనవసరంగా తికమకపడుతుంది.”

“అలాగేనండి,” అంది మంజులత. పదిహేడేళ్ళుగా ఆ ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువసార్లు వాడిన మాట అదే. అరిగిపోయిన రూపాయిబిళ్ళలా ఇప్పుడు దాని మీద బొమ్మా లేదు, బొరుసూ లేదు.

మోతీనగర్ పిల్ల. ఎం.సి.ఏ. చదివి నాలుగేళ్ళు ఒక కంపెనీలో పని చేసింది. అత్తగారి మోకాళ్ళు అరిగినప్పుడు, ఆ ఇంట్లో అరగనివి ఈమె మోకాళ్ళే గనక, ఉద్యోగం మానేసింది. అప్పట్నుంచి ఇంట్లోనే కొట్లవాళ్ళకూ, బడులవాళ్ళకూ వెబ్‌సైట్లు చేసిపెడుతుంది. ఆ పనికి ఇంట్లో ‘కంప్యూటరు ముందు కూర్చోవడం’ అని పేరు. “మా కోడలికేం, రోజంతా కూర్చునే ఉంటుంది,” అని అత్తగారు ఫోన్లో భీమవరం చుట్టాలకు చెబుతుంటుంది. కొడుకు కాశీవిశ్వనాథానిది మాత్రం కూర్చోవడం కాదు. ఆయన సోఫాలో పడుకుని సీలింగు చూస్తున్నా సరే, “మావాడు రాసుకుంటున్నాడు,” అంటుంది.

ఈమధ్య జూబ్లీ హిల్స్ కొండ మీద, ఒక ప్రివ్యూ థియేటరు కింది గదిలో, సినిమా రాతల భాండాగారం అని ఒకటి పెట్టారు. పెద్ద పెద్ద సినిమాల స్క్రిప్టులు చెదలు తిని, వానకు తడిసి, కొన్నైతే పల్లీల పొట్లాలై పోయాయని బాధపడి, ఇకమీదట రచయితలంతా తమ రాతలు కంప్యూటర్లో దాఖలు చేయాలని తీర్మానించారు. చూసుకునేది ఆనందకుమార్ గారు. రిటైరైన ఎడిటరు, గుంటూరు మనిషి, ఆదివారం చర్చి తప్ప ఇంకో వ్యసనం లేదు. ఆయనే మంజులతను వెతికి పట్టుకుని, దాఖలు చేసే పేజీ చేసిపెట్టమన్నాడు. రచయితలకు కంప్యూటరంటే భయం, బయట దొరికే సరుకు వాళ్ళకు పనికిరాదు, మన సినిమావాళ్ళకు తగ్గట్టు కుట్టాలి తల్లీ, అన్నాడు. మంజులత కుట్టింది. ఆరునెలలు. ఫైలు తెచ్చి పెట్టెలో వదిలితే చాలు, పాత ఫాంట్ల అక్షరాలను కొత్త అక్షరాలుగా అదే మార్చుకుంటుంది. ఇది తొలిప్రతా, మలిప్రతా, షూటింగుకు వెళ్ళినదా అని అడుగుతుంది. రచయిత ఎవరు, సహకారం ఎవరు, దాఖలు చేసినదెవరు అని మూడు గడులు. చివర ఎర్ర బొత్తాం. అది నొక్కితే ఒక నంబరు పుడుతుంది. ఆ తర్వాత అక్షరమైనా, పేరైనా మార్చడం బ్రహ్మదేవుడి తరం కాదు, మంజులత తరమూ కాదు. అలా ఉండాలనే చేసింది.

చేసింది చూపించడానికి కమిటీ మీటింగుకు వెళితే, గోడ మీద బొమ్మ పడేలోపే ఒకాయన, “అమ్మా, టీ అయిదు చెప్పు, ఒకటి పంచదార లేకుండా,” అన్నాడు. ఆనందకుమార్ గారు కంగారుగా, “ఈవిడే చేసిందండీ ఇదంతా,” అంటే ఆ పెద్దమనిషి కళ్ళజోడు సర్దుకుని, “కాశీ గారి మిసెస్సా? అదీ సంగతి. చూశారా, ‘మీ రాతను ఇక్కడ వదలండి’ అని ఎంత ముచ్చటగా ఉందో. కాశీ గారి మాటే కదా,” అన్నాడు. కాశీవిశ్వనాథం కమిటీ మెంబరు. అక్కడే ఉన్నాడు. కాదనలేదు. నవ్వాడు. అవుననని నవ్వు, కాదనని నవ్వు. తెలుగు సినిమా రచయితకు ఆ నవ్వు వచ్చాకే మాటలు వస్తాయి.

గడుల దగ్గర మాత్రం పెద్ద చర్చ నడిచింది. రచయిత గడిలో ఎన్ని పేర్లైనా రాసుకునేలా పెట్టింది మంజులత. ఒప్పుకోలేదు. ఒక రాతకు ఒక పేరే ఉండాలి, మిగతావాళ్ళు సహకారంలోకి వెళ్ళాలి అన్నారు. సహకారమంటే తెలిసిందే. పేర్లు పడుతున్నప్పుడు జనం పాప్‌కార్న్ సీటు కింద పెట్టుకునే టైములో, కారు డ్రైవర్ల పేర్లకు కాస్త పైన, వెళ్ళిపోయే అక్షరాలు. మరి రేపెవడో అసిస్టెంటు వచ్చి ఇది నేను రాశానంటేనో అని ఎవరో అడిగితే, కాశీవిశ్వనాథమే లేచి నిలబడ్డాడు. “సింపుల్. పేరు మీద అభ్యంతరముంటే ఇద్దరూ వాళ్ళ వాళ్ళ తొలిప్రతి పట్టుకుని కమిటీ ముందుకు రావాలి. పైకి చదవాలి. పేరు లేకుండా రాసే ఘోస్టుగాళ్ళ దగ్గర తొలిప్రతి ఎక్కడుంటుందండీ?” బల్లలు చరిచారు. మంజులత ఆ నిబంధన రాసుకుని, ఆ రాత్రి కాదు, అక్కడికక్కడే పేజీలో ఎక్కించింది.

దొండకాయలు అయ్యాయి. నూనె తీసుకెళ్ళి అత్తగారి మోకాళ్ళకు రాస్తూ కూర్చుంది. టీవీలో ఆ బోరబండ సినిమాయే వస్తోంది. వారానికి రెండుసార్లు వస్తుంది. అత్తగారు ప్రతిసారీ కొత్తగా చూస్తుంది. “తలుపు చేసినోనికే తాళమేస్తవా?” అన్నాడు హీరో, తొడ మీద చెయ్యేసి. “అబ్బా, ఏం రాశాడమ్మా,” అంది అత్తగారు. “మావాడికి మీ భాష కూడా పట్టుబడిపోయింది చూడు. తెలివంటే అదీ.”

మీ భాష. పెళ్ళైన కొత్తలో మంజులత ఈ గదిలోనే, ఈవిడ ముందే, “పాలాయన వచ్చిండు అత్తయ్యా,” అంది. ఎదురుగా చుట్టాలున్నారు. అత్తగారు ముక్కు మీద వేలేసుకుని, “వచ్చిండా? తిన్నడా? పన్నడా?” అంటే నలుగురూ నవ్వారు. తర్వాత వంటగదిలోకి పిలిచి మెల్లిగానే చెప్పింది: “పనిమనుషులతో ఎలాగైనా మాట్లాడుకో అమ్మాయ్. నలుగురిలో మాత్రం సరిగ్గా మాట్లాడు. మావాడు మాటల రచయిత.” ఆయన కూడా నచ్చచెప్పాడు. “తప్పని కాదు మంజూ. వినడానికి జర... చూడు, నాకూ అంటుకుంది,” అని నవ్వాడు. తప్పని కాదు. అంటురోగమని. ఆ రోజు నుంచి ఆమె నోటికి కాపలా పెట్టుకుంది. వచ్చాడు, తిన్నాడు, పడుకున్నాడు, ఏంటండి, అలాగేనండి. పుట్టింటికి వెళ్ళాలంటే ఎర్రగడ్డ దాటేలోపు బస్సులో నోరు మార్చుకోవాలి, తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ ఎర్రగడ్డలోనే మార్చుకోవాలి. సినిమావాళ్ళు వ్యానులో బట్టలు మార్చుకున్నట్టు. కొన్నాళ్ళకు ఆమె మనసులో కూడా అత్తగారి భాషలోనే ఏడవడం మొదలుపెట్టింది. అదొక్కటే ఇప్పటికీ ఆమెకు సిగ్గు.

అలాంటి ఇంటికి ఏడేళ్ళ కిందట ఒక నిర్మాత వచ్చాడు. ట్రెండు మారిందన్నాడు. హీరో బోరబండ కుర్రాడన్నాడు, భాష అదిరిపోవాలన్నాడు. కాశీవిశ్వనాథం, “తెలంగాణ అల్లుణ్ణి సార్, నాకొదిలెయ్యండి,” అన్నాడు. మూడు వారాలు సీలింగు చూశాడు. తర్వాత మామూలుగా తనకొచ్చిన భాషలో అంతా రాసేసి, కంప్యూటరు ముందు కూర్చుని, ‘ఆడు’ అన్నచోటల్లా ‘ఇండు’ చెయ్యమని దానికి ఒక్క ఆజ్ఞ ఇచ్చాడు. కంప్యూటరు పతివ్రతలాంటిది. ఎందుకని అడగదు. వచ్చాడు వచ్చిండయ్యాడు, కొట్టాడు కొట్టిండయ్యాడు, బానే ఉంది. అక్కడితో ఆగుతుందా? దానికి ఏది క్రియో ఏది కాదో తెలియదు, ఆయన కూడా చెప్పలేదు. “వాడు మగాడు కాడు” అని విలన్ అనాల్సింది, “విండు మగిండు కిండు” అయింది. “మెడలో తాడు కట్టాడు” కాస్తా “మెడలో తిండు కట్టిండు” అయింది. ఇక వెన్నెల్లో హీరో పక్కన కూర్చుని, హీరోయిన్ సిగ్గుపడుతూ, “నా కోసం ఒక పాట పాడు,” అనాల్సిన చోట, “నా కోసం ఒక పాట పిండు,” అంది.

ప్రింటు తీసి స్టాప్లరు కొట్టమని ఇచ్చాడు. మంజులత నిలబడి చదువుతూ చదువుతూ పాట దగ్గరికి వచ్చి, గోడకు చేరగిలబడి నవ్వింది. పక్కింటివాళ్ళు తలుపు కొట్టేంత నవ్వింది. ఆ ఇంట్లో అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. ఆయన ముఖం మాడ్చుకుని, “తప్పులుంటే సరిచూడొచ్చుగా. ఖాళీగానే ఉన్నావుగా,” అన్నాడు.

సరిచూడటం మొదలుపెట్టింది. ఉంచుకోదగ్గ వాక్యం ఒక్కటీ లేదు. తన కంప్యూటర్లో కొత్త ఫైలు తెరిచి, పొద్దున పప్పు ఉడికే టైములో ఒక సీను, మధ్యాహ్నం అత్తగారు కునికే టైములో ఒక సీను, ఎనభై నాలుగు సీన్లు మొదటి నుంచి రాసుకుంటూ పోయింది. ఎన్నేళ్ళుగానో కాపలా కాసిన నోరు కదా, గేటు తీసినట్టయింది. మోతీనగర్ నల్లా దగ్గర ఆడవాళ్ళు వచ్చారు, కిరాయి ఇంటామె వచ్చింది, నాయిన వచ్చాడు. నాయిన బాలనర్సయ్య స్టూడియోలో సెట్లు వేసే వడ్రంగి. ఆయన చెప్పే కోతలకు ప్లైవుడ్ చాలదు. “ఒకపారి గోడ మీద ఉత్త తలుపు బొమ్మ చెక్కిన బిడ్డా. గొళ్ళెం సుత చెక్కిన. దొంగోడొకడు నిజం తలుపనుకొని తీస్కొని లోపటికి పోయిండు. పోయినోడు ఇంకా బయటికి రాలె. పొద్దుగాల మేనేజరొచ్చి దానికి తాళమేసి నన్నే బయట నిలబెట్టిండు. అప్పుడన్న, తలుపు చేసినోనికే తాళమేస్తవా అని.” చిన్నప్పుడు వందసార్లు విన్న ఆ మాటను హీరో నోట్లో పెట్టింది.

సినిమా ఆడింది. ఆటోల వెనక ఆ మాట రాసుకున్నారు. నాయిన ఎర్రగడ్డలో చూసొచ్చి ఫోన్ చేశాడు. “గీ మాట నాది కదనే? అల్లునికి ఎట్ల తెలిసింది?” “నేనే చెప్పిన నాయ్నా.” “చెప్పినవా? రాసినవా?” “పొయ్యి మీద పాలున్నయి నాయ్నా,” అందామె. “పోనీతీ, దొంగోడు తలుపు తీస్కొని లోపటికి పోయిండన్నట్టు,” అని ముసలాయన నవ్వి పెట్టేశాడు. అవార్డు ఫంక్షన్లో కాశీవిశ్వనాథం మైకు పట్టుకుని, “నా శ్రీమతి సహకారం లేనిదే నేను లేను,” అన్నాడు. హాలంతా చప్పట్లు. పక్క కుర్చీలో ఆవిడ మంజులత చెయ్యి నొక్కి, “ఎంత అదృష్టవంతురాలివి, పేరెత్తి చెప్పాడు,” అంది. పేరెత్తలేదు. శ్రీమతి అన్నాడు.

ఆ తర్వాత ఇంకో నాలుగు సినిమాలు సరిచూసింది.

చేతుల నూనె కడుక్కుని భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ తెరిచి పెన్‌డ్రైవ్ పెట్టింది. ఆయన ఎప్పుడూ లోపల ఏముందో చూడకుండా తన ఫోల్డరు మొత్తం దాంట్లోకి కాపీ చేసేస్తాడు. బోరబండ పేరుతో రెండు ఫైళ్ళున్నాయి. రెండోది తనది. పేజీలో వదలగానే కింద చిన్న అక్షరాల్లో వచ్చింది: ఈ ఫైలు మంజులత కంప్యూటర్లో పుట్టినది. దాని పక్కన తీసేసే గుర్తు. తీయడం ఎంతసేపు? అరక్షణం. అది తీసి, రచయిత గడిలో ఆయన పేరు కొట్టి, ఎర్ర బొత్తాం నొక్కితే, ఇక తాను ఆ సినిమాకు ఎప్పటికీ తెచ్చి ఇచ్చిన మనిషే. పోస్టుమాన్. తాను కట్టిన తలుపులోంచి తన చేతులతోనే తనను బయటికి పంపి, ఇంకెవరూ తీయలేని తాళం వేయాలి. ఇన్నాళ్ళూ ఎవరో తన పేరు దాచారని ఏడ్చుకునే వీలైనా ఉండేది. ఈ బొత్తాం నొక్కాక అదీ ఉండదు. తానే దాచినట్టు నంబరుతో సహా రుజువుంటుంది. యూనివర్సిటీ అమ్మాయి వస్తుంది. కాశీ గారి మాండలికంలో స్త్రీ పాత్రల సహజత్వం అని ఒక అధ్యాయం రాస్తుంది. ఆ స్త్రీ ఇంత సహజంగా ఎందుకుందో ఆ పిల్లకు ఎవరు చెబుతారు?

మొదటి ఫైలు తెరిచింది. కాశీవిశ్వనాథం కంప్యూటర్లో పుట్టినది. విండు మగిండు కిండు. మెడలో తిండు కట్టిండు. ఆయన దాన్ని మర్చిపోయాడు. ఏడేళ్ళుగా అందరూ పొగడగా పొగడగా, అది తానే రాశానని ఆయనకు నిజంగానే నమ్మకం వచ్చేసింది. అబద్ధమాడే మగవాడితో ఎలాగో నెగ్గుకు రావచ్చు. అబద్ధం మర్చిపోయినవాడితోనే కష్టం.

ఫోన్ మోగింది. నాయిన.

“ఏం చేస్తున్నవ్ బిడ్డా?”

“దాఖలు చేస్తున్నానండి... చేస్తున్న నాయ్నా.”

“నన్ను సుత అండీ అంటున్నవా? మంచిగైంది. దాఖలంటే ఏంది?”

“ఎవరి రాత వాళ్ళ పేరున లోపల పెట్టుడు. పెట్టినంక ఎవ్వరు మార్చలేరు.”

“ఆ తలుపు ఎవరు చేసిండ్రు?”

“నేనే.”

“అయితే ఫికర్ ఏంది?” అన్నాడు బాలనర్సయ్య. ఆ వెంటనే ఎర్రగడ్డ మార్కెట్‌ల ఏనుగు తొండమంత ములక్కాయలొచ్చినయని, ఒకటి కొనుక్కొని ఇద్దరు మోసుకొచ్చిండ్రని చెప్పి పెట్టేశాడు.

మంజులత మొదటి ఫైలును పెట్టెలోకి లాగింది. ఏ ప్రతి? తొలిప్రతి. రచయిత? కాశీవిశ్వనాథం, ఇంటిపేరుతో సహా. సహకారం? ఎవరూ లేరు. నిజమే, ఆ ‘పాట పిండు’కు ఎవరూ సహకరించలేదు. ఎర్ర బొత్తాం నొక్కింది. నంబరు పుట్టింది. రెండో ఫైలును లాగింది. కింద చిన్న అక్షరాలు వచ్చాయి. వాటి పక్కనున్న గుర్తు మీద వేలు ఆగింది, ఆగి పక్కకు జరిగింది. ఏ ప్రతి? షూటింగుకు వెళ్ళినది. రచయిత? కుక్కరు మూడో కూత వేసింది. లేచి పొయ్యి కట్టేసి వచ్చి, తన పేరు కొట్టింది. పుట్టింటి ఇంటిపేరు కొట్టాలా, అత్తింటిది కొట్టాలా అని కాస్త ఆలోచించి, రెండూ మానేసి ఉత్త మంజులత అని ఉంచింది. సహకారం గడిలో కాశీవిశ్వనాథం అని రాసింది. కక్షతో కాదు. కథ ఆయనదే, సీన్ల వరస ఆయనదే. ఎంత సాయానికి అంత పేరు. తనకు పదిహేడేళ్ళుగా తెలిసిన గడి అది, ఇరుకుగా ఉన్నా అలవాటైతే బతకవచ్చు.

ఆయనకు కోపం వస్తుంది. రానీ. అభ్యంతరముంటే దారి ఉంది, ఆయన లేచి నిలబడి చెప్పించిన దారే. తొలిప్రతి పట్టుకుని కమిటీ ముందుకు వెళ్ళాలి. పైకి చదవాలి. హీరోయిన్ మాట దగ్గర గొంతు సవరించుకోవాలి.

నొక్కింది.

గదిలో ప్రింటరు కదిలింది. దాఖలు రసీదు తానే ప్రింటయ్యేలా చేసింది ఆమె, రచయితలకు కాగితం చేతిలో ఉంటే తప్ప నమ్మకం ఉండదని. కాశీవిశ్వనాథం టీవీ ముందు నుంచి లేచి వెళ్ళి మొదటి కాగితం అందుకున్నాడు. తన పేరు, ఇంటిపేరు, బోరబండ సినిమా, అన్నీ చూసుకుని తృప్తిగా తలూపాడు.

“అయిపోయిందా అప్పుడే? మార్పులేమీ చెయ్యలేదుగా?”

రెండో కాగితం ఇంకా సగమే బయటికి వచ్చింది. మంజులత వంటగది గుమ్మంలో నిలబడి, కొంగుకు చేతులు తుడుచుకుంది. టీవీ చూస్తున్న అత్తగారు ఉలిక్కిపడి ఇటు తిరిగేంత స్పష్టంగా, మోతీనగర్ గొంతుతో చెప్పింది:

“మీ రాత మీ పేరు మీదనే ఎక్కించిన. ఒక్క అక్షరం గూడ ముట్టుకోలె.”